రాయి ఎటు పగిలింది?

 వెనక గోడకు ఆనుకుని నిలబడ్డ విద్యార్థులు ముందుకు రండి, మొదటి వరుస ఖాళీగానే ఉంది. మన సభల్లో అది ఎప్పుడూ ఖాళీయే.

ఈ ఉపన్యాసం ఎవరి పేరున ఏర్పాటయిందో, ఆయన ఉన్న రోజుల్లో నేను ఒక్కసారి కూడా ఆయన్ని పేరుతో ప్రస్తావించలేదు. ఇప్పుడు మైకు దొరికింది కదా అని మొదలుపెట్టలేను. పేరు ఆహ్వానపత్రికలో ఉంది, నా వెనక బ్యానరుమీద ఉంది. నాకు మాత్రం మాస్టారే.

మాస్టారు పరిశోధన పత్రాలు ఎక్కువ రాయలేదు. ఆ రోజుల్లో జిల్లా కాలేజీలో భూగర్భశాస్త్రం చెప్పే మనిషికి ప్రయోగశాల అంటే చెక్కపెట్టెల్లో సర్దిన రాళ్లు, ఒక బ్రంటన్ దిక్సూచి. ఆ ఒక్క దిక్సూచితోనే తరగతి మొత్తాన్ని కొండలు ఎక్కించేవారు. ఎవరైనా ఓ ముక్క తెచ్చి "ఇదేం రాయండీ?" అంటే ఆయన జవాబు ఎప్పుడూ ఒకటే: "పేరు తర్వాత. ముందు అది ఎటు పగిలిందో నువ్వు చెప్పు." మాకది చాదస్తంలా ఉండేది. గ్రానైటో, నైసో, డోలరైటో తెలిస్తే మార్కులు పడతాయి. పగులు దిక్కు తెలిస్తే ఏమొస్తుంది?

ఏమొస్తుందో చెప్పడానికే ఈరోజు వచ్చాను. నా వాదన ముందే బయటపెడతాను, బస్సు టైముకు లేవాల్సినవాళ్లకు ఇబ్బంది ఉండదు. భూమి పైపొర అఖండ శిల అని మనం అనుకుంటాం. అది ఎప్పుడో పగిలిపోయింది. కొత్త పగుళ్లు పడటం అరుదు, పాతవి మళ్లీ తెరుచుకోవడం, జారడం రోజూ జరిగే పని. అందుకే బోరుబావి దగ్గర, ఆనకట్ట దగ్గర, గనిలో, సొరంగంలో రాయి ఎంత గట్టిదని అడిగితే సగం జవాబే దొరుకుతుంది. ఉన్న పగులు ఎటుంది, అందులో ఏముంది, దాన్ని కదిలించగలిగేది ఏది అని అడగాలి. ఈ మాటను అయిదు మెట్లలో చెబుతాను. మెట్లు సమానంగా ఉండవు, చివరిది బాగా ఎత్తు.

1. గట్టి రాయి ఎందుకు విరుగుతుంది

అణువుల మధ్య బంధాల బలాన్ని లెక్కగడితే గాజు గానీ గ్రానైటు గానీ ఇప్పుడున్నదానికంటే ఎన్నో పదుల రెట్లు గట్టిగా ఉండాలి. లెక్క ఒకటి, రాయి తీరు ఇంకొకటి. ఈ తేడా ఎక్కడిదో తేల్చినవాడు భూగర్భశాస్త్రజ్ఞుడు కాడు, విమానాల ఇంజనీరు. ఇంగ్లండులో ఫార్న్‌బరో విమాన పరిశోధన కేంద్రంలో పనిచేసిన ఏ. ఏ. గ్రిఫిత్. ఆయన 1920లో రాయల్ సొసైటీకి సమర్పించిన పత్రంలో గాజుతో చేసిన ప్రయోగాలున్నాయి. మందాన్ని లెక్కలోకి తీసుకుని చూస్తే, లావు కడ్డీకంటే సన్నని గాజు పోగుకే బలం చాలా ఎక్కువని తేలింది. ప్రతి గాజుముక్కలోనూ కంటికి ఆనని బీటలుంటాయని, సన్నని పోగులో పెద్ద బీటకు చోటు ఉండదని ఆయన వివరించాడు.

బీట ఉంటే ఏమవుతుంది? లాగినప్పుడు బలం అంతటా సమంగా పరుచుకోదు, బీట కొసదగ్గర పోగుపడుతుంది. కొస ఎంత వాడిగా ఉంటే అంత ఎక్కువగా. ఓడల రేకుల విషయంలో ఈ సంగతి చార్లెస్ ఇంగ్లిస్ 1913లోనే లెక్కగట్టాడు. గ్రిఫిత్ దానికి శక్తి లెక్క జోడించాడు. బీట కాస్త పొడవైతే కొత్తగా రెండు ముఖాలు ఏర్పడాలి, దానికి శక్తి ఖర్చవుతుంది. అదే సమయంలో చుట్టూ బిగిసి ఉన్న పదార్థం సడలి కొంత శక్తిని వదులుతుంది. వదిలే శక్తి ఖర్చును మించిందా, బీట తనంతట తానే పరుగెత్తుతుంది. బీట పొడవు నాలుగింతలైతే దాన్ని తెరవడానికి సగం బలం చాలు.

మన వడ్డెరవాళ్లకు గ్రిఫిత్ వచ్చి ఇది చెప్పనక్కర్లేదు. గ్రానైటు బండను చీల్చాలంటే ఒకే గీతమీద వరసగా గుంటలు తొలుస్తారు, వాటిలో ఇనుప మేకులు దించుతారు, ఒక్కోదానిమీద వంతులవారీగా సమ్మెట వేస్తూ పోతారు. ఒకేచోట బలమంతా పెట్టి బాదితే బండ అక్కడ నలుగుతుంది తప్ప చీలదు. మేకు చేసే పని రాతిని నొక్కడంలా కనిపిస్తుంది, నిజానికి గుంట రెండు పక్కల్నీ ఎడంగా లాగడం. కాసేపటికి సమ్మెట చప్పుడు మారుతుంది. అప్పుడు ఆపి పక్కకు తప్పుకుంటారు. బండ ఏ దిక్కున సులువుగా చీలుతుందో, ఏ దిక్కున మొండికేస్తుందో కూడా వాళ్లకు తెలుసు. గ్రానైటులో కంటికి కనిపించని బీటలు చాలావరకు ఒకే దిక్కున తిరిగి ఉంటాయని మనం సూక్ష్మదర్శిని కింద చూసి చెబుతాం. వాళ్లు చేత్తో చెబుతారు.

నొక్కితే ఓర్చుకోవడం, లాగితే ఓర్చుకోకపోవడం రాతి స్వభావం. గ్రానైటు లాగుడుకు చూపే బలం నొక్కుడుకు చూపేదానిలో సుమారు పదోవంతు. హనుమకొండ వేయిస్తంభాల గుడిలోనూ రామప్పలోనూ అన్ని స్తంభాలు అంత దగ్గరదగ్గరగా ఎందుకున్నాయో శిల్ప సౌందర్యంతోపాటు ఈ పదోవంతు కూడా చెబుతుంది. పైన పరిచిన రాతి దూలం బరువుకు కాస్త వంగితే దాని అడుగు భాగం లాగుడులో పడుతుంది, రాయి సహించనిది సరిగ్గా అదే. కాబట్టి దూలం పొట్టిగా ఉండాలి, స్తంభాలు ఎక్కువ కావాలి. కాకతీయుల స్థపతులకు మెగాపాస్కళ్లు తెలియకపోవచ్చు, పదోవంతు మాత్రం తెలుసు.

2. తెరుచుకున్నవి, జారినవి

పగుళ్లు రెండు రకాలు. రెండు గోడలూ కాస్త ఎడమై, పక్కకు జారకుండా నిలిస్తే దాన్ని జాయింటు అంటాం. గోడలు ఒకదానిమీద ఒకటి జారితే అది భ్రంశం. మొదటిది కొండల ఆకారాన్ని నిర్ణయిస్తుంది. రెండోది దేశాల ఆకారాన్ని.

ముందు జాయింట్లు. హైదరాబాదు చుట్టుపక్కల గ్రానైటు సుమారు 250 కోట్ల ఏళ్ల కిందటిది. అది నేలమీద పుట్టలేదు, కిలోమీటర్ల లోతున చల్లబడి గట్టిపడింది. పైనున్న రాయంతా కోట్ల ఏళ్లలో అరిగి కొట్టుకుపోయింది. అడుగు రాతిమీద భారం తగ్గింది, పక్కలనుంచి బిగింపు అలాగే మిగిలింది. అప్పుడు నేలకు సమాంతరంగా పొరలు పొరలుగా పగుళ్లు పడతాయి. గుండ్రటి బోడికొండలమీద ఉల్లిపొరలు లేచినట్టు కనిపించేవి ఇవే. కాలిఫోర్నియా కొండల్లో వీటిని జి. కె. గిల్బర్ట్ 1904లోనే వివరించాడు. ఇదంతా ఎప్పుడో జరిగిపోయిన కథ అనుకోకండి. 2014 ఆగస్టు 3న అదే రాష్ట్రంలో ట్వైన్ హార్ట్ అనే ఊళ్లో చెరువుగట్టు పక్కనున్న గ్రానైటు గుండు పట్టపగలు, ఎండలో, చప్పుడుతో పగిలింది. అక్కడున్నవాళ్లు వీడియో కూడా తీశారు. వేసవి ఎండకు పైపొర వ్యాకోచించడం చివరి తోపు అయిందని తర్వాత పరిశీలించినవాళ్లు తేల్చారు. మన ఎండల సంగతి వేరే చెప్పాలా?

ఈ అడ్డపొరలకు నిలువు జాయింట్ల వరసలు తోడైతే బండ దిమ్మెలుగా విడిపోతుంది. నీళ్లు జాయింట్లలో దిగి దిమ్మెల మూలల్ని ముందు తింటాయి, ఎందుకంటే మూలకు మూడు వైపులనుంచి తాకిడి. మూలలు పోయాక మిగిలేది గుండు. ఒకదానిమీద ఒకటి ఎవరో పేర్చినట్టుండే మన గుట్టలన్నీ ఇలా ఉన్నచోటనే తయారైనవి, ఏ భీముడూ మోసుకురాలేదు. జాయింట్లు దూరదూరంగా ఉన్నచోట భువనగిరిలాంటి ఏకశిల నిలిచింది. దగ్గరగా ఉన్నచోట గుండ్ల గుట్టలు వచ్చాయి. మరీ దట్టంగా ఉన్నచోట రాయి పూర్తిగా మట్టిగా మారి పల్లమైంది, ఆ పల్లాల్లోనే చెరువులు కట్టారు. మూడుచోట్లా రాయి ఒకటే. మారింది పగుళ్ల మధ్య దూరం.

ఆ గుండ్లను కాపాడాలని హైదరాబాదులో 1996లో సొసైటీ టు సేవ్ రాక్స్ ఏర్పడింది. వాళ్ల శ్రమ లేకపోతే ఇప్పుడున్నవీ ఉండేవి కావు. అయినా కంకర మిషన్లదే పైచేయి, అది మీకు తెలుసు.

పగుళ్ల మధ్య దూరం విలువ తెలియాలంటే చీమకుర్తి గ్యాలక్సీ రాతి వ్యాపారం చూడండి. ఒకే క్వారీలో ఒక వైపు దిమ్మె లక్షలు పలుకుతుంది, ఇంకో వైపుది గుట్టగా పారబోస్తారు. మెరుపులో తేడా లేదు. ఒకదానిలో జాయింట్లు మీటర్ల దూరంలో ఉన్నాయి, రెండోదానిలో హెయిర్ క్రాకు ఉంది. కొనేవాడు రాతితోపాటు పగులు లేకపోవడాన్ని కూడా కొంటున్నాడు.

ఇక భ్రంశాలు. వీటికి వ్యాకరణం రాసినవాడు స్కాట్లండుకు చెందిన ఇ. ఎం. ఆండర్సన్. 1905లో ఆయన చేసిన ఆలోచన ఎంత సరళమంటే, ఇంకెవరికీ తట్టలేదేమిటా అనిపిస్తుంది. నేల ఉపరితలం గాలిని తాకుతోంది. గాలి రాతిని పక్కకు ఈడ్చలేదు. కాబట్టి ఉపరితలం దగ్గర మూడు ముఖ్యమైన ఒత్తిళ్లలో ఒకటి నిలువుగా ఉండి తీరాలి. ఆ నిలువు ఒత్తిడి మూడింటిలో పెద్దదైతే నేల సాగి ఒక పక్క కిందికి జారుతుంది. చిన్నదైతే ఒక పక్క ఎగదోసుకుని రెండోదానిమీదికి ఎక్కుతుంది. మధ్యస్థమైతే రెండు పక్కలూ అడ్డంగా ఒరుసుకుంటూ పోతాయి. అంటే భ్రంశాన్ని చూస్తే ఆనాటి నేలను ఎవరు ఎటు లాగారో చెప్పొచ్చు. మాస్టారు దిక్సూచి చేతికిచ్చి అడిగింది ఇదే.

మొదటి రకానికి మన ఇంటి ఉదాహరణ గోదావరి లోయ. వాయవ్యంనుంచి ఆగ్నేయానికి సాగిన సమాంతర భ్రంశాల మధ్య నేల కిందికి దిగింది. దిగిన తొట్టిలో గోండ్వానా కాలపు ఇసుక, బొగ్గు పొరలు కిలోమీటర్ల మందాన పేరుకున్నాయి. పక్కన ఎత్తుగా ఉన్నచోట అలాంటి పొరలేమైనా ఉండి ఉంటే అరిగిపోయేవి, లోయలోవి దిగబడి దాక్కోవడంవల్ల మిగిలాయి. 1871లో జియలాజికల్ సర్వేకు చెందిన విలియం కింగ్ ఇల్లెందు దగ్గర బొగ్గు కనుక్కున్నాడు, అక్కడినుంచే సింగరేణి వచ్చింది. ఇంత బొగ్గు మనకు దక్కింది నేల పగిలినందువల్లే. ఆ పాత పగుళ్లు పూర్తిగా నిద్రపోలేదు కూడా. 1969 ఏప్రిల్‌లో భద్రాచలం దగ్గర వచ్చిన భూకంపం, 2024 డిసెంబరు 4 ఉదయం ములుగు జిల్లాలో 5.3 తీవ్రతతో వచ్చి హైదరాబాదు దాకా తెలిసిన కుదుపు, రెండూ ఆ లోయవే.

3. లోతున

ఇది చిన్న మెట్టు. పల్లీపట్టి చల్లగా ఉంటే ఫట్‌మని విరుగుతుంది, పొయ్యిదగ్గర పెడితే వంగుతుంది. రాయీ అంతే. క్వార్ట్జు ఎక్కువున్న రాళ్లు సుమారు 300 డిగ్రీల వేడి దగ్గర విరగడం మానేసి మెల్లగా సాగడం మొదలుపెడతాయి. ఖండాల్లో ఆ వేడి సాధారణంగా 10, 15 కిలోమీటర్ల లోతున వస్తుంది, పాత చల్లని భూభాగాల్లో ఇంకా కిందికి. కాబట్టి మనం మాట్లాడుతున్న పగుళ్ల ప్రపంచం ఆ పైపొరకే చెందింది. మనిషి తవ్వేదీ కట్టేదీ తాగేదీ అందులోనే.

లోతుతోపాటు బరువు పెరుగుతుంది. కిలోమీటరుకు సుమారు 260 వాతావరణ పీడనాలు. కోలారు బంగారు గనుల్లో, ఛాంపియన్ రీఫ్‌లో, మూడు కిలోమీటర్లు దాటి దిగిన కార్మికులు ఆ బరువును చెవులతో విన్నారు. తవ్వి ఖాళీ చేసిన చోటు చుట్టూ బిగిసిన రాయి ఒక్కసారిగా పేలుతుంది. దీన్ని రాక్‌బర్స్ట్ అంటారు. మన చిత్తూరు జిల్లానుంచి వెళ్లినవాళ్లు ఆ గనుల్లో తరాలపాటు పనిచేశారు. గని 2001లో మూతపడింది. అక్కడ రాతి చప్పుళ్లను యంత్రాలతో వినడంలో సంపాదించిన అనుభవం మన దేశంలో రాతి యాంత్రికశాస్త్రానికి పునాది.

ఇంకో సంగతి, దీన్ని మాస్టారు వినుంటే చాలా సంతోషించేవారు. 1978లో అమెరికాలో పనిచేసిన జేమ్స్ బయర్లీ రకరకాల రాళ్లలో పగులుముఖాల మధ్య రాపిడిని కొలిచిన ఫలితాలన్నీ ఒకచోట పెట్టాడు. గ్రానైటు, సున్నపురాయి, ఇసుకరాయి అన్నీ దాదాపు ఒకే గీతమీద పడ్డాయి. కొన్ని బంకమన్ను ఖనిజాలు మాత్రం తక్కువ రాపిడి చూపుతాయి. పగులు జారాలంటే ఎంత తోపు కావాలన్న ప్రశ్నకు రాయి పేరుతో దాదాపు పనిలేదన్నమాట.

4. పగులులో నీరు

రాపిడి పగులును పట్టి ఉంచుతుంది. రాపిడికి ఆధారం రెండు గోడలూ ఒకదాన్నొకటి అదుముకోవడం. ఆ పగులులో నీరుండి, ఆ నీటికి ఒత్తిడి ఉంటే, అది గోడల్ని ఎడంగా తోస్తుంది. అదుము తగ్గుతుంది, రాపిడి తగ్గుతుంది. నీరు నూనెలా జారుడు కలిగిస్తుందని చాలామంది అనుకుంటారు. జారుడు కాదు, అది మోసే బరువు ముఖ్యం. 1959లో కింగ్ హబర్ట్, విలియం రూబీ ఈ మాట చెప్పినప్పుడు అది పర్వతాలు ఎలా జరిగాయన్న పండిత చర్చ. మూడేళ్లకే అది పోలీసు కేసులాంటి వ్యవహారమైంది.

అమెరికాలో డెన్వర్ నగరం పక్కన సైన్యానికి రాకీ మౌంటెన్ ఆర్సెనల్ అనే రసాయన ఆయుధాల కర్మాగారం ఉండేది. దాని విషపు మురుగును వదిలించుకోవడానికి 3,671 మీటర్ల లోతు బావి తవ్వి, 1962 మార్చినుంచి దానిలోకి పంపారు. మరుసటి నెలనుంచే, భూకంపాలు చాలా అరుదైన ఆ ఊళ్లో కుదుపులు మొదలయ్యాయి. డేవిడ్ ఎవాన్స్ అనే భూగర్భశాస్త్రజ్ఞుడు ఏ నెలలో ఎంత మురుగు పంపారో, ఏ నెలలో ఎన్ని కుదుపులు వచ్చాయో పక్కపక్కన పెట్టి 1965లో జనం ముందు చూపించాడు. 1966 ఫిబ్రవరిలో పంపడం ఆపేశారు. కథ అక్కడ ముగిస్తే బాగుండేది. అన్నిటికంటే పెద్ద కుదుపులు ఆపేశాక, 1967లో వచ్చాయి. బావిదగ్గర ఒత్తిడి తగ్గుతున్నా, అప్పటికే లోపలికి దూరిన ఒత్తిడి పగుళ్లవెంట దూరదూరాలకు పాకుతూనే ఉంది. తర్వాత అదే కొలరాడో రాష్ట్రంలో రేంజ్లీ చమురుక్షేత్రంలో శాస్త్రజ్ఞులు నీరు ఎక్కించి కుదుపులు తెప్పించారు, నీరు తోడి ఆపారు. వాదన ముగిసింది.

మన దేశంలో ఈ పాఠం ప్రాణాలతో వచ్చింది. మహారాష్ట్రలో కోయనా ఆనకట్ట ఎత్తు 103 మీటర్లు. జలాశయం నిండటం మొదలైన కొద్దికాలానికే చిన్నచిన్న కుదుపులు వచ్చాయి. 1967 డిసెంబరు 11 తెల్లవారుజామున 6.3 తీవ్రతతో భూకంపం వచ్చింది. సుమారు 200 మంది చనిపోయారు, కోయనానగర్‌లో చాలా ఇళ్లు దెబ్బతిన్నాయి. జలాశయంవల్ల ప్రేరితమైన భూకంపాల్లో ప్రపంచంలో ఇప్పటిదాకా అదే పెద్దదిగా లెక్క. అక్కడ నేటికీ కుదుపులు ఆగలేదు. మన హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థవారు, ముఖ్యంగా హర్ష్ గుప్తా, దశాబ్దాలపాటు దాన్ని వెంబడించారు. ఆ తర్వాత అక్కడ మూడు కిలోమీటర్ల లోతు పరిశోధక బోరు కూడా వేశారు. దక్కన్ లావా పొరలు సుమారు ఒకటింబావు కిలోమీటరుకే అయిపోయాయి, కింద గ్రానైటు తగిలింది. భూకంపాలు పుడుతున్నది ఆ గ్రానైటులోని పాత భ్రంశాలమీద.

లెక్క చూడండి. 100 మీటర్ల నీరు కలిగించే ఒత్తిడి సుమారు పది వాతావరణ పీడనాలు. అయిదు కిలోమీటర్ల లోతున రాతి బరువు 1,300. పది వచ్చి 1,300ను కదిలించిందంటే ఎవరు నమ్ముతారు? ఆ పగులు అప్పటికే జారే అంచున ఉంటే తప్ప సాధ్యం కాదు. నా వాదనకు ఇంతకంటే గట్టి రుజువు నా దగ్గర లేదు. నీరు భూకంపాన్ని తయారుచేయలేదు. ఉన్నదాన్ని ముందుకు జరిపింది.

కోయనా భూకంపం వచ్చిన ఏడాదే, ఆగస్టులో, నాగార్జునసాగర్ కాలువలకు ఇందిరాగాంధీ నీరు వదిలారు. సాగర్ ఇంకా ఎత్తయినది, 124 మీటర్లు. కోయనాలో వచ్చినంత భూకంపం అక్కడ రాలేదు. ఎత్తు ఒక్కటే చాలదు, అడుగున పగులు ఏ దిక్కున ఉంది, ఎంత బిగిసి ఉంది అన్నది తేల్చాలి. పెద్ద ఆనకట్ట అనగానే భయపడేవాళ్లూ, అసలు భయమే లేదనేవాళ్లూ ఇద్దరూ ఈ ప్రశ్నను దాటేస్తున్నారు.

5. బోరు, సొరంగం

ఇప్పుడు అసలు మెట్టు. ఇక్కడున్నవాళ్లలో బోరు వేయించని ఇల్లు ఉండదు.

గ్రానైటు ముక్కను నీళ్లలో వేయండి, తాగదు. అందులో ఖాళీ ఒక శాతం కూడా ఉండదు. తెలంగాణలో, రాయలసీమలో ఎక్కువ భాగం ఈ రాయే. మరి బోర్లలో నీరెక్కడిది? పైన కుళ్లిన రాతిలోది, దాని కింద పగుళ్లలోది. పగులులో నీటి ప్రవాహానికి ఓ కఠినమైన లెక్క ఉంది: వెడల్పు రెట్టింపైతే ప్రవాహం ఎనిమిదింతలవుతుంది, సగమైతే ఎనిమిదోవంతుకు పడిపోతుంది. పది సన్నని పగుళ్లకంటే ఒక్క వెడల్పాటి పగులు మేలు. రిగ్గువాళ్లు "గ్యాప్ తగిలింది" అని కేకేసేది అందుకే. పక్కపక్క పొలాల్లో ఒకరికి రెండంగుళాల నీళ్లు పడి, ఇంకొకరికి పొడి లేవడానికి కారణం కూడా ఇదే, అదృష్టం కాదు.

హైదరాబాదుకు దక్షిణాన మహేశ్వరం దగ్గర జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ, ఫ్రాన్సు శాస్త్రజ్ఞులు కలిసి ఏళ్లతరబడి ఈ పగుళ్లను కొలిచారు. వాళ్ల పని ప్రతి రైతుకూ తెలియాలి. పైన పది, ఇరవై మీటర్లు కుళ్లిన రాయి. దాని కింద ఇంకో పదిహేను, ఇరవై మీటర్లు పగుళ్లు దట్టంగా ఉన్న పొర, అందులో చాలావరకు అడ్డపగుళ్లు. నల్ల అభ్రకం నీరు తగిలి ఉబ్బడంవల్ల ఆ పొర పగిలిందని వాళ్ల వివరణ. నీటిని బాగా ఇచ్చే పగుళ్లలో ఎక్కువ భాగం సుమారు నలభై మీటర్ల లోపే ఉన్నాయి. ఆ కింద పగుళ్లు పలచబడతాయి, పైబరువుకు మూసుకుంటాయి.

నలభై మీటర్లంటే 130 అడుగులు. మనం వేస్తున్నది 1,000 అడుగులు.

తిరుచెంగోడు రిగ్గు లారీ వచ్చి నిలబడ్డాక ఆగడం ఎంత కష్టమో నాకు తెలుసు. ఎనిమిది వందల అడుగులు పోయింది, ఇంకో వంద చూద్దాం అంటాడు డ్రైవరు. అతనికి అడుగు లెక్కన డబ్బు. రైతుకు అప్పటికే పోసిన డబ్బుమీద మమకారం. కొబ్బరికాయ అరచేతిలో నిటారుగా లేచిందని పాయింటు పెట్టిన పెద్దమనిషి అప్పటికే దక్షిణ తీసుకుని వెళ్లిపోయి ఉంటాడు. లోతుగా వెళ్తే నీటికి దగ్గరవుతామన్న నమ్మకం ఇసుక మేటల్లో, డెల్టాల్లో కొంత నిజం, గ్రానైటులో చాలావరకు అబద్ధం. పెద్ద భ్రంశాలవెంట, నల్లరాతి డైకుల అంచుల్లో అప్పుడప్పుడు లోతున నీరు తగులుతుంది, కాదనను. దానికోసం ముందు రెసిస్టివిటీ సర్వే చేయించి, ఆ భ్రంశమో డైకో ఎటు పోతోందో చూసి వేయాలి, లోతును నమ్మి వేయకూడదు. పైగా ఆ పై నలభై మీటర్లు ఎండిపోయాక లోతు పగుళ్లకు నీరు దిగేది ఎక్కడినుంచి? చెరువు పూడిక తీస్తే, వాన నీటిని ఆపితే నిండేది ఆ పై పొరే. అసలు ట్యాంకు అదే.

సొరంగం గురించి రెండు మాటలు. 2025 ఫిబ్రవరి 22న నాగర్‌కర్నూలు జిల్లా దోమలపెంట దగ్గర శ్రీశైలం ఎడమగట్టు కాలువ సొరంగంలో, ముఖద్వారంనుంచి దాదాపు 14 కిలోమీటర్ల లోపల, పైకప్పు కూలి నీరు, బురద విరుచుకుపడ్డాయి. ఎనిమిది మంది చిక్కుకున్నారు, ఎవరూ ప్రాణాలతో రాలేదు. ఎవరిది బాధ్యత అన్నది ఈ వేదికమీద తేల్చే విషయం కాదు. రాతి సంగతి మాత్రం చెప్పాలి. నలిగి, నీటితో నిండిన రాతి పట్టీ సొరంగానికి అడ్డంగా ఉంది. గట్టి రాతిని తొలిచే యంత్రం అలాంటి పట్టీలో అడుగుపెడితే గట్టిదనం దేనికీ పనికిరాదు. పైన అమ్రాబాద్ పులుల అభయారణ్యం, అక్కడినుంచి బోర్లు వేసి ముందే చూసే వీలు తక్కువ. అలాంటప్పుడు సొరంగం లోపలినుంచే యంత్రానికి ముందు పొడవాటి సన్నని బోరు వేసి, నీరు ఎంత వస్తోందో, పొడి ఎలా మారుతోందో చూశాకే కదలాలి. అది ఖర్చూ ఆలస్యమూ. ఆ ఖర్చు అనవసరమనే అధికారిని నేను ఒప్పుకోను, అతను ఎంత పెద్దవాడైనా సరే.

చివరగా ఒక కోరిక, ముఖ్యంగా ముందుకొచ్చి కూర్చున్న విద్యార్థులకు. ఈ జిల్లాలో ఏటా వేసే ప్రతి బోరూ భూగర్భంలోకి వేసిన ఒక పరీక్షే. రిగ్గు డ్రైవరుకు ఎన్ని అడుగుల దగ్గర కుళ్లురాయి అయిపోయిందో, కేసింగు ఎంతవరకు దించారో, పొడి రంగు ఎక్కడ మారిందో, గ్యాప్ ఎక్కడ తగిలిందో, ఎన్ని అంగుళాల నీళ్లు పడ్డాయో కచ్చితంగా తెలుసు. బోరు పూర్తవగానే ఆ సమాచారం లారీతోపాటు వెళ్లిపోతుంది. 2002 వాల్టా చట్టం అనుమతి తీసుకోమంది, రిగ్గుల్ని నమోదు చేయమంది. కానీ ఆ అయిదు అంకెలను ఊరి నోటుపుస్తకంలో రాసి ఉంచే అలవాటు మనకు రాలేదు. ఫెయిలైన బోరువి మరీ ముఖ్యం, అవి ఎవరూ చెప్పరు.

కాబట్టి మీ ఊళ్లో రిగ్గు దిగిందని తెలిసిన రోజు సెల్‌ఫోనుతో, ఒక నోటుపుస్తకంతో అక్కడికి వెళ్లండి. ఆ అయిదు అంకెలు, బోరు వేసిన చోటు, తేదీ రాయండి. దగ్గర్లో బయటపడ్డ బండ ఉంటే దాని జాయింట్లు ఏ దిక్కున ఉన్నాయో కూడా రాసి ఈ కాలేజీ భూగర్భశాస్త్ర శాఖకు ఇవ్వండి. శాఖవారు వాటిని మండలాలవారీగా మ్యాపుమీద పెట్టి పంచాయతీ కార్యాలయాల గోడలమీద అంటించాలని, ఈ ఉపన్యాసపు ధర్మనిధి వడ్డీలో కొంత అందుకు కేటాయించాలని నిర్వాహకులను కోరుతున్నాను.